వలందా మేడలో మామ్మ

ఇది ఎప్పుడో రాయాల్సింది. రాయకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. యాభై దాటాక తునిలో మా అమ్మాయి ఇంట్లో, మనవరాలి పక్కన చాప మీద కూర్చుని, అది దిద్ది చెరిపేసిన పలక మీదే దిద్ది నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా రాయలేదు. దానికి కారణం కోపం. నాకు కోపం తొందరగా వస్తుంది, అక్షరం నెమ్మదిగా వస్తుంది. నేను ఒక మాట రాసేలోపు కోపం నాలుగు వాక్యాలు ముందుకు పోయేది. ఇక లేచి వెళ్ళి గిన్నెలు తోముకునేదాన్ని. ఆ సంవత్సరాల్లో మా అమ్మాయి ఇంట్లో గిన్నెలు అద్దాల్లా ఉండేవి.

ఇప్పుడు కోపం తగ్గిందని కాదు. పోయిన ఆదివారం పేపరుతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో నరసాపురం వలందా మేడ ఫోటో చూశాను. వలందా వాళ్ళంటే డచ్చి వాళ్ళు. ఇంగ్లీషు దొరల కంటే ముందు బట్టల వ్యాపారానికి మా గోదావరి జిల్లాలకి వచ్చిన దొరలు. వాళ్ళు కట్టుకున్న మేడని బాగుచేయించి, ఊరు చూడటానికి వచ్చేవాళ్ళకి గదులు అద్దెకిస్తున్నారు. ఆ మేడ గురించి రాసినావిడ ఎవరో రెండు రోజులు అక్కడ ఉందట. రెండు రోజులుంటే చాలు, ఎప్పటికీ అక్కడే ఉండిపోవాలనిపిస్తుందట.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఎందుకంటే దాని పక్కనే మామ్మ ఫోటో వేశారు.

వరండాలో స్తంభానికి ఆనుకుని, కాళ్ళు బారచాపుకుని, ఒళ్ళో లేసు పెట్టుకుని కూర్చుంది. పాత ఫోటో. ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయింది. నోట్లో చుట్ట ఉంది. నిప్పు ఉన్న వైపు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగేది మామ్మ, మా ప్రాంతంలో పాతకాలపు ఆడవాళ్ళు తాగినట్టే. ఫోటో కింద, ఆ చిరునవ్వులో గడిచిన కాలపు ప్రశాంతత కనిపిస్తుందని రాశారు. అది నవ్వు కాదు. నిప్పు నోట్లో పెట్టుకున్న మనిషి మూతి అలాగే ఉంటుంది.

ఆవిడ పేరు నేను రాయను. ఆ మేడకి వచ్చినవాళ్ళు ఒక్కరూ ఆవిడ పేరు అడగలేదు. నాకు తెలుసు, కానీ రాయను. రాస్తే రేపు దాన్ని కూడా ఫోటో కింద వేసుకుంటారు.

నేను ఆ మేడకి వంటమనిషిగా వెళ్ళాను. మా ఆయన పోయాక ఆయన తరఫు బంధువుల మీద ఆధారపడటం ఇష్టం లేక, ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకుని, వారంలో ఎక్కువ రోజులు మేడలోనే ఉండేదాన్ని. మొదటిరోజు రేకు పెట్టె పట్టుకుని పెరటి దోవన వస్తే, నూతి దగ్గర ఒక ముసలావిడ కూర్చుని ఉంది. నన్ను కింద నుంచి పైకి చూసి, చుట్ట తీసి పక్కన పెట్టింది.

"ఏం వండుతావు?"

"ఏది చెబితే అదండి."

"దిబ్బరొట్టె వచ్చా?"

"వచ్చండి."

"అడుగు మాడకుండా వచ్చా?"

"అడుగు మాడకపోతే అది దిబ్బరొట్టెందుకవుద్దండి?"

ఆవిడ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. "అయితే ఉండు," అంది.

ఇంటి యజమానురాలేమో అనుకుని నెల రోజులు భయపడ్డాను. తర్వాత తెలిసింది, ఆవిడకి ఆ ఇంట్లో వెనక వరండా చివర ఒక గది తప్ప ఏమీ లేదని. ఆ గదికి కూడా తలుపు సరిగా పడేది కాదు.

మామ్మ మొగుడు పడవ నడిపేవాడు. మేడ అప్పట్లో ధాన్యం కొట్టు. ఇప్పటి యజమాని తండ్రి, అంటే పెద్దబాబుగారు, వలందా మేడని కొని ధాన్యం బస్తాలు వేయించేవారు. ఆ ధాన్యం మోసే పడవ మామ్మ మొగుడిది. ఒక వరదలో పడవ మాత్రం తిరిగొచ్చింది. పిల్లల్లేరు. పెద్దబాబుగారు ఆ రోజు నలుగురి ముందూ అన్నారట, "నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు. బతికినంతకాలం ఈ ఇంట్లోనే ఉండు. పోయినా ఇక్కణ్ణుంచే పోతావు" అని. ఆ మాట మామ్మ నాకు చెప్పినన్నిసార్లు ఇంకేదీ చెప్పలేదు. అన్నం తింటూ చెప్పేది, నా తలలో పేలు చూస్తూ చెప్పేది. భూమి పట్టా ఉన్నవాళ్ళు పట్టా సంగతి చెప్పినట్టు చెప్పేది.

ధాన్యం వ్యాపారం పోయాక ఆ మేడ చాలా ఏళ్ళు పాడుబడి ఉంది. ఖాళీగా ఉంది అని ఆ పుస్తకంలో రాశారు. ఖాళీగా ఎక్కడుంది? మామ్మ ఉంది. గబ్బిలాలని తోలింది, కిటికీల ఊచలు పీక్కుపోవడానికి వచ్చినవాళ్ళని తిట్టి తోలింది. పొద్దున్నే ప్రతి గదికీ వెళ్ళి, తలుపు మీద వేలి ముడితో కొట్టి, "వస్తున్నానండీ" అని, అప్పుడు తీసేది. నేను వెళ్ళేసరికి గదులు బాగుపడి మంచాలు వచ్చేశాయి, అయినా అలవాటు పోలేదు. ఎవరూ లేని గది తలుపు కొడుతుంటే నాకు నవ్వొచ్చేది.

"లోపల దొరలున్నారా ఏంటి మామ్మా?"

"దొరలెందుకుంటారే నీ మొహం. పాములు. మనిషి అలికిడి లేని కొంపలో అవి కాపురం పెట్టేస్తాయి. ఒక మాట చెప్పి వెళ్తే పక్కకి తప్పుకుంటాయి. మనిషికంటే మర్యాద తెలుసు వాటికి."

గోడల గురించి కూడా ఒక మాట ఉండేది. ఆ మేడ గోడలు చేతులు బారచాపినా అందనంత మందం. "గోడలకి చెవులుంటాయంటారు గదా, వీటికి పొట్టలు కూడా ఉన్నాయే. ఎంత ధాన్యం తిన్నాయో," అనేది. వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేసి ఊరంతా మండిపోతుంటే, ఆ గోడకి వీపు ఆనించి కూర్చునేది. "ఇక్కడ పోతే ఒళ్ళు చల్లబడ్డ సంగతి నాకే తెలీదు," అని నవ్వేది. తన గదిలో తల ఏ వైపు పెట్టుకుని పోతానో కూడా చూపించింది. గోదావరి గాలి వచ్చే కిటికీ వైపు. "ఆ మూలకి చీపురు తగిలించకే," అని నన్ను కోప్పడేది.

పెద్దబాబుగారి అబ్బాయిని మేము బాబుగారు అనేవాళ్ళం. మద్రాసులో వ్యాపారం చేసి, మేడని బాగుచేయించాలని వచ్చారు. ఒక్క మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పని బాగా చేయించారు. సిమెంటు వాడనివ్వలేదు. పాతకాలం లాగే గానుగ సున్నం ఆడించి పూత పెట్టించారు. విరిగిన తలుపులకి అదే రకం టేకు వెతికి తెచ్చారు. పాత చెక్కముక్కని కూడా పారెయ్యనిచ్చేవారు కాదు. పాతవాటి మీద అంత ప్రేమ ఉన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అందుకే నాకింత కోపం.

మామ్మని కూడా ఆయన పారెయ్యలేదు. వరండాలో కూర్చోబెట్టారు.

నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు లేసు అల్లుతారు. ఆ అల్లిక విదేశాలకి వెళ్తుంది. బాబుగారు ఒకరోజు సూదీ దారం ఉండా తెచ్చి మామ్మకిచ్చారు.

"వచ్చినవాళ్ళు చూస్తారు మామ్మా. నువ్వలా అల్లుకుంటూ కూర్చో చాలు."

"నాకు రాదు బాబూ. మావాళ్ళు పడవల వాళ్ళు. మాకు వల అల్లడం వచ్చు."

"వల వద్దు. ఇదే బాగుంటుంది."

"ఆయ్, అలాగేనండి," అంది మామ్మ.

అప్పటినుంచి మంచి తెల్ల చీర కట్టుకుని, పొద్దున్నా సాయంత్రం వరండాలో సూది ఆడిస్తూ కూర్చునేది. నేను దగ్గరికెళ్ళి చూస్తే దారం అంతా చిక్కుముడి. పక్కవీధిలో ఎవరో అల్లి ఇచ్చిన లేసు ముక్క దాని మీద కప్పేది. వచ్చినవాళ్ళు వంగి చూసి "అబ్బ, ఎంత నైపుణ్యం" అనేవాళ్ళు. ఒకావిడ కళ్ళకి అద్దుకుంది కూడా.

"సిగ్గు లేదా మామ్మా?" అన్నాను వంటింట్లో.

"నాకెందుకే సిగ్గు? చూసినోళ్ళకుండాలి. చెయ్యి కదిలితే చాలు వాళ్ళకి."

చుట్ట దగ్గర మాత్రం లొంగలేదు. మొదట్లో బాబుగారు కాల్చొద్దన్నారు, వాసన అని. తర్వాత ఎవరో ఫ్రెంచి దంపతులు వచ్చి, నిప్పు లోపల పెట్టుకోవడం చూసి కేకలు వేసి ఫోటోలు తీసుకున్నారు. అప్పటినుంచి కాల్చమన్నారు. మనుషులు కారు దిగగానే మొదలుపెట్టమన్నారు.

"నాకు తాగాలనిపించినప్పుడు తాగుతాను బాబూ," అంది మామ్మ. "కారొచ్చినప్పుడల్లా నోట్లో నిప్పెట్టుకోడానికి నేను కొరివిదెయ్యాన్నా?"

బాబుగారు నవ్వి ఊరుకున్నారు. ఆ మాట అతిథులకి చెప్పి వాళ్ళనీ నవ్వించారు. మామ్మ ఏమన్నా ఆయన దాన్ని ఒక ముచ్చట చేసేసేవారు. కోపం కూడా ముచ్చటే అయిపోయిన మనిషికి ఇక ఏం మిగులుతుంది?

ఇంకోటి కథ. మామ్మ ముత్తవ్వ వలందా దొరసాని పిల్లని ఎత్తుకుని పెంచిందని అతిథులకి చెప్పమన్నారు బాబుగారు. మామ్మ చెప్పమన్న దానికంటే ఎక్కువే చెప్పేది. ఒకసారి ఆ దొరసాని కలరా వచ్చి పోయేది. ఒకసారి ఆవకాయ తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని ఓడెక్కి వెళ్ళిపోయేది. ఒకసారి దొరనే వదిలేసి మా అంతర్వేది తీర్థంలో తప్పిపోయేది. తుడుచుకోవడానికి కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకునేది.

"ఎందుకు మామ్మా ఇన్ని అబద్ధాలు? నీ మొగుడి పడవ సంగతి చెప్పొచ్చుగా. అది నిజమేగా," అన్నాను. నాకు నిజంగానే మండింది.

మామ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "ఆడు నా మొగుడే. ఈళ్ళకెందుకు చెప్తాను?" అంది. తర్వాత, "దొరసాని కథకి ఎంత ఏడిస్తే ఏం పోయింది. నాది కాదుగా," అంది.

ఆవిడ ఎందుకిదంతా చేసిందో నాకు తెలుసు. గది కోసం. వరండాలో కూర్చున్నంతకాలం వెనక గది ఉంటుంది. ఆ గది ఉంటే పెద్దబాబుగారి మాట ఉంటుంది. లేసు, చుట్ట, దొరసాని, అన్నీ ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆవిడ చేసిన చాకిరీ.

కార్తీకమాసంలో జ్వరం వచ్చింది. ముందు చలిజ్వరం అనుకున్నాం. తర్వాత దగ్గు, ఆయాసం. వీధిలో ఉండే డాక్టరు వచ్చి చూసి, ఛాతీలో నెమ్ము చేరిందని, ఈ వయసులో పెద్ద మందులు పనిచెయ్యవని, దగ్గరివాళ్ళుంటే కబురు చెయ్యమని అన్నాడు. దగ్గరిదాన్ని నేనే. గంజి కాచి చెంచాతో పోశాను. కిటికీ వైపు తల పెట్టి పడుకోబెట్టాను. మామ్మ ముఖంలో భయం లేదు. ఊరికి చేరినవాళ్ళ ముఖంలా ఉంది.

కార్తీకంలో మా జిల్లాలకి జనం విరగబడి వస్తారు. పాలకొల్లు, భీమవరం, ద్రాక్షారామం, ఐదు శివాలయాలూ చూసుకుంటూ తిరుగుతారు. మేడలో గదులన్నీ ముందే తీసేసుకున్నారు. ఆ మధ్యాహ్నం నేను వెనక వరండాలో కంది పప్పు ఏరుతుంటే బాబుగారు నూతి దగ్గర నిలబడి సెల్లులో మాట్లాడుతున్నారు. సిద్ధాంతిగారితో.

"ఈ రెండు మూడు రోజులు కష్టమన్నాడండి డాక్టరు... రేపటినుంచా?... ధనిష్ఠ అంటే మరి... అన్ని నెలలా?... మొత్తం ఇల్లంతానా అండి, ఆ ఒక్క గదీ మూస్తే చాలదా?"

మా వైపు ఇది తెలియని ఇల్లు లేదు. ధనిష్ఠతో మొదలుపెట్టి వరసగా ఐదు నక్షత్రాలు చెడ్డవి. వాటిలో మనిషి పోతే ఆ ఇల్లు కొన్ని నెలల పాటు ఖాళీ చేసి తాళం పెట్టాలి. ఎవరూ ఉండకూడదు. డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ పాటిస్తారు. నేనూ నమ్మేదాన్నే. కాకపోతే బాబుగారు అతిథుల ముందు మా నమ్మకాల మీద జోకులు వేసేవారు. పిల్లి ఎదురొస్తే ఆగిపోతామని ఇంగ్లీషులో చెప్పి నవ్వించేవారు.

ఫోను పెట్టేసి నా దగ్గరికి వచ్చారు.

"మామ్మని ఆసుపత్రికి పంపిద్దాం."

"ఇక్కడ నేను చూసుకుంటున్నానుగా అండి."

"నీకు తెలీదు. అక్కడైతే ఆక్సిజనూ అవీ ఉంటాయి."

"రేపు ధనిష్ఠ గనకాండి?"

ఆయన ముఖం ఎర్రబడింది. "చాటుగా వింటావా?"

"పెద్దగా మాట్లాడారండి. పెద్దబాబుగారు ఆవిడకి మాటిచ్చారండి, ఈ ఇంట్లోంచే పంపిస్తానని."

"నాన్నగారు మాటిచ్చినప్పుడు ఇది గోడౌను. ఇప్పుడు హెరిటేజ్."

ఆ ఇంగ్లీషు మాటకి అర్థం నాకప్పుడు తెలీదు. తర్వాత మా మనవరాల్ని అడిగితే, పెద్దవాళ్ళ దగ్గర్నుంచి మనకి వచ్చినది అని చెప్పింది.

రిక్షా పెరటి వైపు వచ్చింది, ముందు వైపు కారు దిగుతున్నవాళ్ళకి కనపడకుండా. నేనూ, తోటమాలీ పట్టుకుని ఎక్కించాం. మామ్మకి ఎక్కడికి వెళ్తోందో తెలుసు. అరుస్తుందనుకున్నాను. ఫ్రెంచివాళ్ళ కోసం చుట్ట ముట్టించనని ఆయన ముఖం మీదే చెప్పిన మనిషి కదా, కనీసం తిడుతుందనుకున్నాను. మేడ వైపు తిరిగి చేతులు జోడించింది.

"బాబు తప్పేం లేదే. నక్షత్రం అలా వచ్చింది. మేడ మూసేస్తే పాపం ఎంత నష్టం," అంది నాతో. "గదిలో కిటికీ వెయ్యి. పాము దూరుద్ది."

ఆ నిమిషం నాకు బాబుగారి మీద కంటే మామ్మ మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఇప్పటికీ ఆ కోపం ఉంది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఎందుకు పెట్టుకోకూడదు? ఆవిడ ఒక్కసారి "నేను కదలను" అని ఉంటే, ఆ గోడ పట్టుకుని కూర్చుని ఉంటే, ఆవిణ్ణి ఎవరు లాగేవారు? అతిథులు ముందు వరండాలో ఉన్నారు. ఒక్క కేక చాలు. ఆవిడ వెయ్యలేదు. ఆ కేక నేను వేద్దామంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

పొయ్యి మీద సాంబారు వదిలేసి రిక్షా వెనక నడిచాను. బాబుగారు వెనక నుంచి, "రాత్రికి పన్నెండు మందికి భోజనాలున్నాయి, నువ్వెక్కడికి?" అన్నారు. నేను తిరిగి చూడలేదు.

ఆసుపత్రిలో మంచాలు లేవు. వరండాలో పడుకోబెట్టారు. సాయంత్రం చూసిన డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, ఇక్కడ ఉంచి ఈవిణ్ణి బాధపెట్టొద్దు, ఇంటికి తీసుకెళ్ళమంది. ఏ ఇంటికి?

నేను అద్దెకున్న ఇంటికి తీసుకొచ్చాను. ఇంటావిడ గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది.

"నీకు దణ్ణం పెడతానమ్మా. లోపలికి మాత్రం వద్దు. మా కోడలికి నెలలు నిండాయి."

"మనిషి ఇంకా బతికే ఉందండి."

"అందుకే చెప్తున్నాను. పోయాక ఏం చెప్పగలను?"

ఆవిడ మీద కూడా అరిచాను. ఆవిడ వింది. తర్వాత పెరట్లో పుల్లలూ కొబ్బరిమట్టలూ వేసుకునే పాక తనే ఊడ్చి, పుల్లలు ఒక పక్కకి నెట్టి, తన పాత చీర తడికలా కట్టింది. తన మంచం తెచ్చి వేసింది. ఇల్లు ఇవ్వలేదు గానీ ఆ పాకలో నాతో పాటు కూర్చుంది. గంజి కాచింది. ఆవిడని ఎంత కోప్పడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

మామ్మ అక్కడ అందరూ అనుకున్నదానికంటే ఎక్కువ రోజులే ఉంది. ధనిష్ఠ వెళ్ళింది. తర్వాతి నక్షత్రాలు ఒక్కొక్కటీ వెళ్ళాయి. మధ్యలో మేడ కారు డ్రైవరు వచ్చి చీరతడిక అవతల నిలబడ్డాడు.

"బాబుగారు కనుక్కురమ్మన్నారండి."

"ఏమని?"

అతను కాళ్ళ వైపు చూసుకున్నాడు. "ఇంకా ఉందా అని అండి."

"ఉందని చెప్పు. నెమ్మదిగా వెళ్తుందట, తొందరేం లేదందని చెప్పు."

లోపల్నుంచి మామ్మ నవ్వినట్టు వినిపించింది. అదే ఆవిడ చివరి నవ్వు. ఆ తర్వాత మాట తడబడటం మొదలైంది. చేత్తో పక్కన ఉన్న తడిక తడిమి, "గోడ ఇంత పల్చనైపోయిందేంటే?" అంది. చివరిరోజు మధ్యాహ్నం కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది.

"పిల్లా, ఇదెవరిల్లు?"

"మనదే మామ్మా."

"మరి మేడ?"

నేను దుప్పటి పైకి లాగి కప్పాను.

"నన్నెందుకు పంపేశారే?" అంది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "నేను రోజూ కూర్చున్నాను గదా."

రిక్షాలో చెప్పిన సర్దుబాటంతా ఆవిడ మర్చిపోయింది. నక్షత్రం సంగతీ, బాబు నష్టం సంగతీ మర్చిపోయింది. ఆ ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఆవిడ తిట్టి ఉంటే నేను మర్చిపోయేదాన్నేమో. అడిగింది కనక మర్చిపోలేకపోతున్నాను.

దీపాల వేళకి పోయింది. వీధి చివర పంచాంగం ఉన్నాయన చూసి చెప్పాడు. అశ్విని. చెడ్డ నక్షత్రాలన్నీ దాటిపోయాయి. ఏ దోషమూ లేదు. ఏ ఇల్లూ మూయక్కర్లేదు.

అయినవాళ్ళలో ఆడవాళ్ళు లేరు కనక నేనే స్నానం చేయించాను. ఇంటావిడ నీళ్ళు కాచి ఇచ్చింది గానీ ముట్టుకోలేదు. తెల్లవారగానే మామ్మకి వరసకి తమ్ముడయ్యే పడవాయన నలుగుర్ని తెచ్చి, గోదావరి ఒడ్డుకి తీసుకెళ్ళాడు. వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఇంటావిడ నూతి దగ్గర బిందెలు నింపి పెట్టి ఉంది.

"రా అమ్మా, తలమీద పోసుకో. అలాగే లోపలికి రాకూడదు."

నాకు తెలుసు. శవాన్ని కడిగిన మనిషి తలకి పోసుకునేదాకా మైల. ఎవరింటికీ వెళ్ళకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు. నేను బిందె ఎత్తాను. మళ్ళీ దించేశాను.

"కాసేపాగి పోసుకుంటానండి," అని, మామ్మకి స్నానం చేయించినప్పటి చీర మీదే మేడకి నడిచి వెళ్ళాను.

ముందు వరండాలో టిఫిన్లు నడుస్తున్నాయి. హైదరాబాదు నుంచి వచ్చిన రెండు కుటుంబాలు, తలంటు స్నానాలు చేసి, విభూతి పెట్టుకుని, ద్రాక్షారామం బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు. బాబుగారు వాళ్ళతో మాట్లాడుతూ నన్ను చూశారు. నా చీర చూశారు. లేచి ఎదురొచ్చారు.

"తెలిసింది. అశ్విని అటగా. దోషం లేదన్నారు సిద్ధాంతిగారు," అన్నారు గొంతు తగ్గించి. అదేదో శుభవార్తలా చెప్పారు.

"అయితే ఇక్కడే పోవాల్సిందండి."

"స్నానం చేశావా?"

"లేదండి."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. "వెనక వైపు పద. నీకు రావలసింది నేను పంపిస్తాను. పద."

"ఎందుకు వెళ్ళాలో పెద్దగా చెప్పండి. వీళ్ళు కూడా వింటారు."

ఆయన వెనక్కి తిరిగి అతిథుల వైపు చూశారు. నేను ఆయన పక్కనుంచి వెళ్ళి టేబులు దగ్గర ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు. అతిథుల్లో ఒకావిడ, మంచావిడే, నా వైపు ఇడ్లీ పళ్ళెం జరిపింది.

"మీరిక్కడి వాళ్ళేనా? ఇక్కడ లేసు అల్లే మామ్మ ఉంటారట కదా, మా చెల్లెలు చెప్పింది. ఊరెళ్ళారన్నారు వీరు."

"నిన్న పోయిందండి. ఇప్పుడే పంపించి వస్తున్నాను. ఈ చేతుల్తోనే స్నానం చేయించాను."

ఆవిడ చెయ్యి పళ్ళెం మీద నుంచి వెనక్కి పోయింది. టేబులు చుట్టూ కుర్చీలు ఒక్కసారి కిర్రుమన్నాయి. ఒక పెద్దాయన నోట్లో ముద్దతోనే లేచి నిలబడ్డాడు. "ఇదేంటండీ బాబూ, గుడికి వెళ్ళాల్సినవాళ్ళం. మళ్ళీ స్నానాలు చెయ్యాలి ఇప్పుడు," అని బాబుగారి మీద కేకలేశాడు. పిల్లల్ని పక్కకి లాక్కున్నారు. గదుల్లోకి పరిగెత్తారు. మామ్మ ఎలా పోయిందని ఒక్కరూ అడగలేదు. ఎక్కడ పోయిందని కూడా అడగలేదు. అడిగితే చెబుదామని నేను కాసేపు ఆ కుర్చీలోనే ఉన్నాను.

తర్వాత లేచి లోపలికి వెళ్ళాను. అతిథులు స్నానాలకి దూరిన గదులూ, ఖాళీ చేసి వెళ్ళిన గదులూ, కొత్తవాళ్ళ కోసం పక్కలు వేసి ఉంచిన గదులూ తిరిగాను. మంచాలు ముట్టుకున్నాను, దుప్పట్లు ముట్టుకున్నాను, ఆయన వెతికి తెచ్చిన టేకు తలుపులకి అరచేయి ఆనించి నెట్టాను. సున్నం గోడల పొడుగునా చెయ్యి రాసుకుంటూ వెళ్ళాను. మేడమీదకి కూడా ఎక్కాను. మామ్మ గదిలో అప్పటికే మంచం తీసేసి తువ్వాళ్ళ అల్మారా పెట్టారు. ఆ తువ్వాళ్ళన్నీ ఒక్కొక్కటీ విప్పి కింద పడేశాను.

దిగి వచ్చేసరికి బాబుగారు సెల్లు చెవిన పెట్టుకుని హాల్లో నిలబడి ఉన్నారు. పుణ్యాహవచనానికి ఎంతమంది రావాలో అవతల పంతులుగారు అడుగుతున్నట్టుంది. ఆయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, నన్ను మొదటిసారి 'మీరు' అని పిలిచి అడిగారు.

"ఏ గదుల్లోకి వెళ్ళారండీ మీరు?"

"అన్నిట్లోకీనండి," అన్నాను.